గట్టు తిన్నగానే ఉంది

శ్రీకాకుళం బస్టాండు బయట, ఉప్పేసి ఉడికించిన కందికాయల వాసనకి ఎవరికైనా నోరూరుతుంది. నేను మాత్రం ముక్కు మూసుకుని దాటేస్తాను. ఇందాక అక్కడే మా చిన్నాన్న కొడుకు కలిశాడు. ఓ పొట్లం కొని నా చేతిలో పెట్టి, పక్కనున్న స్నేహితుడికి, అక్కనని నన్ను చూపిస్తూ, ప్రతి పెళ్ళిలోనూ చెప్పే కథే మళ్ళీ అందుకున్నాడు: "మా అప్ప తొమ్మిదో తరగతిలోనే కోణాలు కొలిసి గట్టు తగువు తీర్సేసినాది." అబద్ధం. నేనే తగువూ తీర్చలేదు. నేను చెప్పినదాంట్లో సగం విన్నారు, మిగతా సగం నా నోట్లోకే తిరిగి కుక్కారు.

మాది శ్రీముఖలింగం దారిలో ఒక పల్లె. తొలకరి పడితే చాలు, తెల్లారకుండానే ఎడ్ల మువ్వల చప్పుడు, చోడి అంబలిలోకి నంజుకునే ఉల్లిపాయ ఘాటు, మోకాలి లోతు బురదలో ఉభాలకి దిగిన ఆడవాళ్ళు నాట్లేస్తూ ఒకరినొకరు ఎత్తిపొడుచుకునే మాటలు, వాళ్ళ వెనక పీతల కోసం బొక్కల్లో చేతులు పెట్టి కరిపించుకునే మేము. ఆ రోజుల్లోనే ప్రతి రైతూ పార పట్టి తనవైపు గట్టు చెక్కి, ఆ మట్టినే తడిపి మళ్ళీ తనవైపే మెత్తేవాడు. గడ్డి పోతుంది, ఎలక బొక్కలు మూసుకుంటాయి. తనవైపు చెక్కింది తనవైపే మెత్తాలి, అది మర్యాద. తెచ్చి అవతలివైపు మెత్తితే గట్టు ఏటికేడు పక్కవాడి మడిలోకి నడుస్తుంది.

మాకూ చిన్నాన్నకీ మధ్య గట్టు ఒక్కటే. చిన్నాన్న చెక్కి మెత్తుతుంటే, ఆయన దగ్గరే ఉండే నాన్నమ్మ వెనకాలే వంగి కందులు విత్తేది. మొక్కలు గీత గీసినట్టు లేచేవి. మార్గశిరంలో ఆ కాయలు కుండలో ఉడికించి, రెండిళ్ళ పిల్లల్నీ అరుగు మీద కూచోబెట్టి కొంగులోంచి పంచేది. నాకు అందరికంటే ఓ గుప్పెడు ఎక్కువే.

ఓ ఏడు దుక్కిలోంచి వచ్చిన నాన్న కాళ్ళు కూడా కడుక్కోకుండా గుమ్మంలో కూలబడ్డాడు. "ఎడ్లు తిరగట్నేదే అమ్మీ. మడి ఇరుకైపోనాది. గట్టు మనమీదకి నడిసొచ్చేస్తన్నాది. ఎవులికి సెప్పినా నవ్వుతన్నారు." ఆ మడే మాకు తిండి. అప్పట్నుంచి ఆయన ముద్ద నోటిదాకా తెచ్చి మళ్ళీ కంచంలో పెట్టేసేవాడు.

సరిగ్గా అప్పుడే బళ్ళో సమాంతర రేఖల పాఠం. మాస్టారు రెండు గీతలు గీసి, వాటిని ఏటవాలుగా కోస్తూ మూడోది గీశారు. అది తిర్యగ్రేఖ. అది రెంటినీ కోసిన చోట్ల ఒకే వైపు పడే సదృశ కోణాలు సమానమైతే ఆ రెండు గీతలూ సమాంతరమే. నాకు బోర్డు కనిపించలేదు, మా మడి కనిపించింది. రోడ్డువైపు గట్టు ఎవరూ కదపనిది. చిన్నాన్నవైపు గట్టుని దానికి సమాంతరంగానే వేశాడని తాత గురించి ఊరంతా చెప్పుకునేది. రెంటినీ ఏటవాలుగా కోస్తూ సిమెంటు కాలువ. చెక్కిన గట్టు వంకరపోకుండా ఉంటుందా? నాన్నకి చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

కోతలయ్యాక, మొదళ్ళు కాళ్ళకి గుచ్చుకుంటుంటే, ఊరి పెద్దమనిషి ముందు గట్ల వెంట జనపతాడు లాగి, మాస్టారినడిగి తెచ్చిన చెక్క కోణమానిని ఆనించాను. ఒకచోట. రెండోచోట. మళ్ళీ మొదటిచోట. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఒలే గుంటా, సమానమేనా?" అన్నాడు పెద్దమనిషి.

"సమానమే. అంటే సమాంతరమని. అంతే గానీ జరగనేదని కాదు! తిన్నగా పక్కకి జరిగితే కోణం మారదు, వెడల్పు..."

"సమానమంటన్నాది కదా, ఇంకేటి?" అంటూ పెద్దమనిషి నాన్నవైపు తిరిగాడు.

"వెడల్పు సూడండి!"

"దేంతో సూస్తాం? మెరకా పల్లం సూసి మీ తాత ఎక్కువతక్కువలుగా పంచినాడు. ఆయన కొలిసిన కొలగడ ఏ పొయ్యిలోకి పోనాదో. ఆడగుంటకి ఇంత నోరేటిరా?"

చిన్నాన్న నవ్వాడు. నాన్న నా వైపు చూసి, "నువ్వు కూడానా అమ్మీ?" అన్నాడు.

ఆ రాత్రి నేల మీద బొగ్గుతో గీసి చూపించాను. గీతని జరిపాను, మళ్ళీ జరిపాను, కోణం మారలేదని చూపించాను. ఆయన తలూపాడు. అర్థమై ఊపాడో, నా ఏడుపు ఆపడానికి ఊపాడో తెలీదు. ఆ మడిలో మళ్ళీ ఆయన నాగలి దిగలేదు. రెండేళ్ళలో అది చిన్నాన్నకే పోయింది.

ఇప్పుడు అక్కడ నీలగిరి తోట. గట్టు దున్నేశారు, ఉభాలు లేవు, కాలువలో నీళ్ళు లేవు. నాన్న లేడు, చిన్నాన్న లేడు, నాన్నమ్మ ఎప్పుడో పోయింది. కొలుద్దామన్నా గీత లేదు.

నేను కాలేజీకి వెళ్ళాను, ఇంకా పెద్ద లెక్కలు నేర్చుకున్నాను. ఆ లెక్కలన్నీ నన్ను మళ్ళీ మళ్ళీ ఆ బురదలోకే దించాయి. కంటి అంచనాతో చెక్కితే గట్టు ఎక్కడో ఓచోట వంకరపోయి తీరుతుంది. ఏటేటా ఆ కొస నుంచి ఈ కొస దాకా వెంట్రుకవాసి తేడా లేకుండా జరగాలంటే తాడు కట్టాలి. ఒక కొస కాలువ తూము చువ్వకి కడతారు. రెండోవైపు బురదలో మేకు నిలవదు, మనిషి లాగి పట్టుకోవాలి. మా చిన్నాన్న రెండు చేతులూ పార మీదే ఉన్నాయి. ఆయన వెనకాల కందులు విత్తుతూ వంగి ఉన్నది ఒక్కరే.

పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది. ఒక్క కాయా ఒలవలేదు. మరి ఆ తాడు రెండో కొస ఎవరు పట్టుకున్నారు?