పడుకుని చూసే మావయ్య

మావయ్యకున్న పిచ్చి ఒక్కటే. ఎవరింటికి వెళ్లినా ఆ ఇంట్లో ఓ మంచం వెతుక్కుని పడుకునేవాడు. నిద్ర కోసం కాదు. చేతులు పొట్టమీద కట్టుకుని, కళ్లు ఇంతింత చేసుకుని పైకప్పు కేసీ, గోడల కేసీ, ఎదుటి గుమ్మం కేసీ తీరిగ్గా చూసేవాడు. చూడటం అయ్యాక లేచి, చొక్కా జేబులోంచి మేకు, ప్యాంటు జేబులోంచి సుత్తి తీసి, ఇంటివాళ్లు వద్దు వద్దంటున్నా గోడకి దిగ్గొట్టి, ఎక్కడో ఉన్న పటాన్ని తెచ్చి అక్కడ తగిలించి మరీ వచ్చేవాడు. తపాలా ఆఫీసులో ఏళ్ల తరబడి ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన చెయ్యి, రిటైరయ్యాక ఊరుకోలేక గోడల మీద పడిందని అత్తయ్య అనేది. అందరూ ఆయనకి శయనంగారని పేరు పెట్టారు. సొంత పేరుతో పిలిస్తే రెండుసార్లు పిలవాల్సొచ్చేది కానీ, శయనంగారూ అంటే చటుక్కున తిరిగి చూసేవాడు.

డాక్టరుగారు కొత్త ఇల్లు కట్టుకుని తెలిసినవాళ్లందర్నీ పిలిచారు. అంతా హాల్లో చేరి, పైనుంచి వేలాడే గాజుదీపాన్ని మెడలు నొప్పెట్టేలా చూస్తూ ఆహా ఓహో అంటూంటే, లోపలి గదిలోంచి డాక్టరుగారి భార్య కేక వినిపించింది.

"ఏమండీ, ఓసారిలా రండి! మా అత్తయ్యగారి మంచం మీద ఎవరో పడుకుని ఉన్నారు!"

"ఎవరో కాదమ్మా, నేనే," అన్నాడు మావయ్య, కదలకుండా.

"అయ్యో, ఒంట్లో బాలేదా?"

"దివ్యంగా ఉందమ్మా. ఆ ఫ్యాను కాస్త ఆపుతారా? రెక్కలు అడ్డొస్తున్నాయి."

"దేనికండీ అడ్డు?"

"చూపుకి."

డాక్టరుగారు వచ్చి నాడి పట్టుకునేలోపల ఆయన లేచిపోయాడు. హాల్లో ఉన్న కొండా సెలయేరూ పటాన్ని చంకన పెట్టుకొచ్చి, ఆ గది గోడకి నడుమెత్తున మేకు కొట్టి తగిలించాడు.

"అంత కింద ఎవరు చూస్తారండీ? పిల్లులా?" అందావిడ ఒళ్లు మండి.

"ఓసారి పడుకుని చూడండమ్మా, మీకే తెలుస్తుంది."

ఎవరేమడిగినా ఆయన జవాబు అదే. అంతకు మించి ఒక్క ముక్క విప్పి చెప్పేవాడు కాదు. పెద్దమనిషి, వయసులో ఉన్న ఇల్లాలితో అనే మాటేనా అని ఆవిడ నెలరోజులు మొహం చిట్లించుకుని తిరిగింది.

ఫర్నిచర్ దుకాణంలో ఇంకో గొడవ. అమ్మకానికి పెట్టిన డబుల్ కాట్ మీద చెప్పులు విడిచి మరీ పడుకున్నాడు. కొనడానికొచ్చిన కొత్త దంపతులు ఆయన్ని దుకాణంవాడి మనిషే అనుకున్నారు. "మంచం బాగుంటుందాండీ?" అనడిగాడు పెళ్లికొడుకు. "మంచానికేం, బానే ఉంది నాయనా. దీనిమీంచి చూస్తే ఎదురుగా బాత్‌రూము తలుపు కనబడకుండా చూసుకో, నూరేళ్లు హాయిగా ఉంటావు," అన్నాడు. ఆ జంట మంచం కొనలేదు. ముందు ఇంటికి పోయి తలుపు చూసుకోవాలని వెళ్లిపోయారు. దుకాణంవాడు మావయ్య కనబడితే ఇప్పటికీ షట్టరు సగం దించుతాడు.

ఆయన సొంత ఇంట్లో పటాలన్నీ నడుమెత్తునే. "మా ఇంటికొచ్చినవాళ్లు గోడకి దణ్ణం పెడుతున్నట్టు వంగుతారు," అనేది అత్తయ్య. "నా పెళ్లి ఫొటోలో నా మొహం నేను చూసుకుని ఎన్నాళ్లయిందో. చూద్దామంటే నడుం ఒప్పుకోదు. చొక్కాలు ఉతకబోతే మేకులు గుచ్చుకుంటాయి. ఏం మనిషమ్మా!"

ఈ తిట్లన్నీ ఎక్కువగా వినేది అమ్మడు. మావయ్య అక్కకూతురు. ఆమెకి పెళ్లీడు దాటి చాలా కాలమైనా మావయ్య నోట్లో ఆమె అమ్మడే. కర్టెన్లు, దిండు గలీబులు, సోఫా కవర్లు కుట్టడం ఆమె పని. కుట్టడమొక్కటే కాదు, ఏ గోడకి ఏ రంగు నప్పుతుందో, ఏ మూల ఏ దీపం పెడితే వచ్చినవాళ్లకి కూర్చోబుద్ధేస్తుందో చెప్పేది. కొత్త ఇల్లన్నా, పాత ఇంటికి కళ తేవాలన్నా జనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ముందు గదిలో పక్క కిటికీ వెలుగు పడేలా కుట్టుమిషను వేసుకుని, వీధి తలుపుకి వీపు పెట్టి పొద్దస్తమానం కూర్చునేది. ఆ పని ఆమెకి నేర్పింది తల్లి. ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే.

ఆ తల్లికి ఉన్నట్టుండి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది. ఎందుకోగాని ఒక్క 'సరే' మాత్రం మిగిలింది. దాహమేస్తే సరే, నొప్పెడితే సరే, కోపమొస్తే సరే. "అమ్మా, రెండు ముద్దలు తింటావా?" అనడిగితే "సరే" అని పెదాలు గట్టిగా బిగించేది.

అమ్మడికి తెలిసిన వైద్యం ఒక్కటే. గదిని అందంగా చెయ్యడం. లేత నీలం కర్టెన్లు కుట్టింది. మంచానికి చేత్తో పూలు కుట్టిన దుప్పటి వేసింది. తల వెనక గోడకి తామరకొలను పటం, తల పక్కన బల్లమీద పూలగుత్తి, దాని వెనక చిన్న దీపం. చూడ్డానికొచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయి, "ఎంత బాగుందమ్మా గది! నీలాంటి కూతురుంటే చాలు," అనేవాళ్లు. వాళ్లు వెళ్లిపోయాక తల్లి మొహం గోడవైపు తిప్పేసుకునేది. తిండి రోజురోజుకీ తగ్గిపోయింది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే తెలిసేది కాదు.

"తినాలని ఆవిడకనిపించాలమ్మా," అన్నారు డాక్టరుగారు. "దానికి నా దగ్గర మందు లేదు. ఇలాగే పోతే మాత్రం ప్రాణం ఎక్కువ రోజులు ఆగదు."

అప్పుడు దిగాడు మావయ్య. కంటి ఆపరేషనై, వంగకూడదు, బరువులెత్తకూడదు, సుత్తి ముట్టుకోకూడదు అంటే అన్నాళ్లూ ఇంట్లో బందీగా ఉండి, నల్లకళ్లద్దాలతో నేరుగా అక్క ఇంటికొచ్చాడు.

"మావయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఇంట్లో మాత్రం పడుకోకు," అంది అమ్మడు.

"సరే," అంది లోపల్నుంచి తల్లి.

"విన్నావా? మా అక్క సరేనంది!" అంటూ ఆయన గదిలోకి వెళ్లి, "కాస్త జరగవే," అన్నాడు. ఆవిడ జరగలేకపోయింది. మంచం అంచున ఒంటిపక్కగా ఇరుక్కుని, అక్క తల పక్కనే తల పెట్టుకుని, నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని పడుకున్నాడు. చాలాసేపు ఇద్దరూ ఒకే వైపు చూస్తూ ఉండిపోయారు. లేచినప్పుడు ఆయన కళ్లు తుడుచుకుంటూంటే, ఆపరేషన్ వల్లేమో అనుకుంది అమ్మడు.

ముందు గదిలో వీధి తలుపుకెదురుగా, వచ్చినవాళ్లకి మొట్టమొదట కనబడేలా, పేము చట్రం కట్టిన గుండ్రటి అద్దం ఒకటుండేది. ఇంటికంతటికీ అదే అందమని అమ్మడి గర్వం. మావయ్య దాన్ని ఊడబెరికాడు. తల్లి గది గుమ్మానికెదురుగా ఉన్న గోడకి, నడుమెత్తున మేకు కొట్టి తగిలించాడు. అక్కడితో ఆగాడా? ఒక పక్క అద్దం వెనక చెక్కముక్క దోపి, మూతి వంకర పెట్టుకున్నట్టు వారగా నిలబెట్టాడు.

"ఇదేంటి మావయ్యా! నలుగురి ఇళ్లూ దిద్దే దాని ఇల్లు ఇలా ఉందని నవ్వరూ?"

"నవ్వనీ. నువ్వోసారి పడుకుని చూడు."

"నాకు పడుకునే తీరికెక్కడిదయ్యా!"

ఆయన గడప దాటగానే చెక్కముక్క లాగేసి అద్దం నిఠారుగా చేసింది. మర్నాడొచ్చి ఇంకో చెక్కముక్క దోపాడు. ఆమె మళ్లీ లాగేసింది. ఆయన జేబులో చెక్కలకి లోటు లేదు. ఆమె బొత్తాల డబ్బా చెక్కముక్కలతో నిండిపోయి, బొత్తాలు వేరే డబ్బాలోకి మారాయి. ఒకరోజు అత్తయ్యే వచ్చి మొరపెట్టుకుంది. "అమ్మడూ, మీ మావయ్యకి ఆ చెక్కలు తిరిగిచ్చెయ్యవే. మా వంటింటి పీట ఒకవైపు తరిగిపోతోంది."

ఒక మధ్యాహ్నం, సాయానికొచ్చే ఆయమ్మ తల్లిని కుర్చీలోకి మార్చి స్నానానికి తీసుకెళ్లింది. అమ్మడు దుప్పటి మార్చడానికి వంగింది. వంగిన నడుం లేవనంది. ఒక్క క్షణమని తల్లి దిండు మీద తల వాల్చింది.

పూలగుత్తి కనబడలేదు. దీపం కనబడలేదు. తామరకొలను అసలే లేదు. ఆమె ముచ్చటపడి అమర్చినవన్నీ తల వెనకా, తల పక్కనా ఉండిపోయాయి. గుమ్మంలో నిలబడి చూసేవాళ్లకి తప్ప అవి ఎవరికీ లేవు. ఎదురుగా ఉన్నది ఉత్త గోడ, తెరిచిన గుమ్మం. ఆ గుమ్మంలోంచి, అవతలి గోడ మీద, మావయ్య పొద్దున్నే వంకర పెట్టి వెళ్తే, తను ఇంకా సరిచెయ్యని అద్దం. ఆ అద్దంలో కిటికీ వెలుగు, కుట్టుమిషను, సూది కింద ఆగిపోయిన గుడ్డ, ఖాళీగా ఉన్న తన స్టూలు.

ఎప్పుడూ లేనిది ఆ రోజు అమ్మడు అలాగే చాలాసేపు పడుకుండిపోయింది. డాక్టరుగారి తల్లి తుంటి విరిగి మంచం దిగలేని మనిషని గుర్తొచ్చింది. అత్తయ్య వాళ్లమ్మ ఆఖరి రోజులన్నీ మావయ్య ఇంట్లోనే చక్రాల కుర్చీలో గడిపిందనీ గుర్తొచ్చింది. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా, అన్ని తిట్లు తిట్టే అత్తయ్య ఆ గోడల మీద ఒక్క పటమూ పైకి జరపలేదు.

తల్లిని మళ్లీ పడుకోబెట్టాక వెళ్లి మిషను దగ్గర కూర్చుంది. నాలుగు కుట్లు వేసి, తలెత్తి అద్దంలోకి చూసింది. అద్దంలో తల్లి మొహం. ఆ మొహం గోడవైపు లేదు, సూటిగా తనకేసే చూస్తోంది. అమ్మడు కత్తెర పట్టుకున్న చెయ్యి ఎత్తింది. తల్లి ఎడమచెయ్యి మెల్లిగా, దుప్పటి మీంచి లేచింది.

"సరే," అంది.

ఆ పూట గిన్నెడు అన్నం తింది.

ఆ తరవాత ఆ ఇంట్లో పని ఇద్దరు చేశారు. అంచు కుట్టగానే అమ్మడు పైకెత్తి చూపించేది. బాగుంటే తల్లి చెయ్యి లేచేది. వంకరొస్తే "సరే!" అని ఇల్లెగిరిపోయేలా అరిచేది. రంగులెంచడంలోనూ చెయ్యి పెట్టింది. లాయరుగారి హాలు కోసం అమ్మడు ఒక చేత ముదురాకుపచ్చ, ఒక చేత నిమ్మపండు పసుపు పట్టుకు చూపిస్తే, ఆవిడ వేలు పెట్టి ఒకటి చూపించింది. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. పసుపు కర్టెన్లు సగం కుట్టేసరికి లోపల్నుంచి "సరే! సరే! సరే!" అని ఒకటే గోల. నచ్చి అంటోందనుకుని అమ్మడు ఇంకా జోరుగా కుట్టింది. లాయరుగారి భార్య మాత్రం, ఇన్నేళ్లకి మా హాల్లో ఎండ పొడిచిందని మురిసిపోయింది. మావయ్య ఆ కథ విని, మంచం మీద అక్క పక్కన పడుకుని, కన్ను నొప్పెట్టేదాకా నవ్వాడు.

తిండి వచ్చింది, నవ్వు వచ్చింది. ఒంట్లో బలం రాలేదు. ఒక ఉదయం అమ్మడు పొడుగాటి కర్టెను అంచు కుడుతూ మధ్యలో తలెత్తింది. అమ్మ చూస్తూనే ఉంది. ఆ చూపులో ఏ తేడా లేదు. అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, పైకెత్తి చూపించింది. చెయ్యి లేవలేదు. సరే అన్న మాటా రాలేదు. అంచు వంకరపోయిందేమోనని గుడ్డ ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంది. తరవాత తెలిసింది.

వచ్చినవాళ్లు వచ్చారు, వెళ్లినవాళ్లు వెళ్లారు. అమ్మడు మిషను మీద గుడ్డ కప్పేసింది. కుట్టాల్సినవి మూటలు మూటలుగా పేరుకుపోయాయి. అడగడానికొచ్చినవాళ్లకి ఇవాళా రేపూ అని చెప్పి పంపేసేది. వంటింట్లోనే కూర్చునేది. ముందు గదిలోంచి నడవాల్సొస్తే తల దించుకుని నడిచేది.

మావయ్య వచ్చాడు, వెంట అత్తయ్య. ఆయన అలవాటు ప్రకారం మంచం మీదికే పోతాడనుకుంది అమ్మడు. గది గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. వెనక్కొచ్చి, కుట్టుమిషను దగ్గర ఆమె స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చుని చూడటం ఆ ఇంట్లో అదే మొదలు. తలెత్తి అద్దంలోకి చూశాడు. అందులో మడత నలగని దుప్పటి, ఖాళీ దిండు.

"తీసెయ్యనా అమ్మడూ?"

"వద్దు."

"పోనీ ఇలాగే ఉంచనా?"

"వద్దు మావయ్యా. చూడలేను. తీసేస్తే అసలు ఉండలేను."

"రెండూ వద్దంటే మూడోది చూడాలి మరి. రా, నీ చోట్లో నువ్వు కూర్చో. నేను జరుపుతాను, నువ్వు చెప్పు."

ఆమెను రెక్క పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు. చెక్కముక్క లాగి అద్దం రెండో పక్క దోపాడు. ముందు స్విచ్చిబోర్డు కనబడింది. ఇంకాస్త జరిపితే కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న అత్తయ్య కనబడింది.

"ఇదొద్దులే, నాకూ రోజూ ఉన్నదే," అన్నాడు మావయ్య.

ఇంకా జరిపాడు. అమ్మడి వీపు వెనక ఎప్పుడూ ఉండే వీధి తలుపు అద్దంలోకి వచ్చింది. దాని అవతల మెట్టు, మెట్టు అవతల రోడ్డు ముక్క, ఎండ.

"తలుపు కనబడుతోంది," అంది మెల్లిగా.

"తలుపు కనబడితే చాలదు, వచ్చే మనిషి కనబడాలి. ఉండు." ఆయన సుత్తితో సహా గబగబా వీధిలోకి వెళ్లి రోడ్డు మధ్య నిలబడ్డాడు. "కనబడుతున్నానా?"

కనబడ్డాడు. నల్లకళ్లద్దాలూ, మేకుల బరువుకి జారిన జేబూ, పైకెత్తిన సుత్తీ, నిండుగా అద్దం మధ్యలో. అటువైపు వస్తున్న సైకిలు మనిషి భయపడి దిగి నడుస్తున్నాడు.

"లేదు మావయ్యా," అంది అమ్మడు.

ఆయన రెండడుగులు పక్కకి వేశాడు. "ఇప్పుడో?"

"ఊహూ."

రెండు చేతులూ ఊపుతూ గెంతాడు. ఎదురింటావిడ బయటికొచ్చింది. "ఏమైందండీ శయనంగారూ? ఎవర్ని పిలుస్తున్నారు?"

"మా అమ్మడికి నేను కనబడట్లేదటమ్మా!" అన్నాడాయన రొప్పుతూ. "ఏమే, ఇప్పుడైనా?"

"ఇంకాస్త ఎగరాలి మావయ్యా," అని కేకేసి, అద్దంలోంచి చూపు తిప్పకుండానే అమ్మడు మిషను మీది గుడ్డ తీసింది.