అక్క కట్టుడు పళ్లు

మా అక్క బట్టలు కుట్టేది. మిషను మీద కత్తెర ఉన్నా దారం పంటితోనే కొరికేది. నలభై రెండో ఏటికల్లా పై పళ్లు అరిగి, పుచ్చి, అన్నీ పీకించుకోవాల్సొచ్చింది. నెల్లాళ్లు నా ఇంట్లో దాక్కుని, కట్టుడు పళ్లు పెట్టించుకుని వెళ్లింది. "ఎవరికైనా చెప్పావో, నా శవాన్ని కూడా చూడనివ్వను" అంది. తెల్లారకముందే స్నానాలగదికి గడియపెట్టి కడుక్కునేది. బావ ఆ పళ్లను మెచ్చుకుంటూనే పోయాడు.

నాది ఎత్తుపళ్ల మొహం. "అక్కను చూసి నవ్వడం నేర్చుకోవే" అనేవాళ్లు ఇంట్లో. నా నోరు మంచిది కాదని పేరు. ఆ నోటినే ఇరవై తొమ్మిదేళ్లు కట్టేసుకున్నాను.

తర్వాత అక్కకి మతి పోయింది. పళ్లు తీసి కడగాలన్నదీ పోయింది. కోడలు రెండు పూటలా కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లోనే బ్రష్ పెట్టి తోమేది.

"చూడండి చిన్నత్తయ్యా, డెబ్బై దాటినా ఒక్క పన్నూ కదల్లేదు. నావి చూసుకుంటే సిగ్గేస్తుంది."

"పెట్టి పుట్టింది" అన్నాను. లోపల నవ్వుకున్నాను కూడా.

ఎనిమిది నెలలు గడిచాయి. నోరు కంపు కొట్టింది. అదెక్కణ్ణించో నాకు తెలుసు. బ్రష్ కనబడితే అక్క కరిచేది, కోడలు తువ్వాలుతో చేతులు కట్టి తోమేది. చివరికి అక్క ముద్ద ముట్టడం మానేసింది. మొండితనమన్నాడు కొడుకు. రెండు రోజుల్లో తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు డాక్టరు.

అప్పుడు చెప్పాను.

కోడలు నన్ను ఎగాదిగా చూసింది. "ఇన్నాళ్లూ తెలిసే ఊరుకున్నారా?"

"మాటిచ్చానమ్మా."

"ఆవిడకి మీ పేరే గుర్తులేదు. ఎవరికి నిలబెట్టారు ఆ మాట?"



పళ్ల డాక్టరు ఊడదీసేసరికి కట్టుడు పళ్ల పలక కింద అంగిలంతా పచ్చిపుండు, కుళ్లిన మెతుకులు. అక్క కేక పెట్టలేదు. నలుగురూ తన బోసినోరు చూస్తున్నారని ఎలా తెలిసిందో, అరచేత్తో మూసుకుంది.

పుండు మానింది. ఇప్పుడు మెత్తగా చేసిపెడితే తింటుంది. కోడలు పెట్టినా సరే, పనిమనిషి పెట్టినా సరే. నేను గిన్నె పట్టుకుంటే మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఈవిణ్ణి పంపించెయ్యవే" అంటుంది కోడలితో. నేనెవరో తెలియదట.

నేను గది దాటేదాకా ముద్ద ముట్టదు. అందుకని వడ్డించకముందే లేచి వచ్చేస్తాను.