శర్మగారి ముందు పళ్లు

2022 వేసవి. అమలాపురంలో నేను దంతవైద్యశాల పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఒక మధ్యాహ్నం కొత్తపేట వైపు నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన ఫణిశర్మగారు, ముప్పై నాలుగేళ్లవారు, వేదపాఠశాలలో అధ్యాపకులు. నోటికి కండువా అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నారు.

కండువా తీయించి చూశాను. పైవరసలో ముందు పళ్లు నాలుగూ చిగుళ్ల అంచున గోధుమరంగుకి తిరిగి గుంటలు పడ్డాయి. మేం కేరీస్ అంటాం, అంటే పుచ్చు. ఆ వయసులో, అదీ ముందు పళ్లకి, అంత పుచ్చు నేను చూడలేదు.

"రోజుకి ఎన్నిసార్లు తోముకుంటారు?"

"రెండుపూటలా అండి."

నేను నమ్మలేదు. అందరూ అదే చెబుతారు. బ్రష్ ఎలా పట్టుకోవాలో పది నిమిషాలు పాఠం చెప్పాను. ఆయన తలవంచుకుని విన్నారు. పుచ్చు తొలిచి, ఫిల్లింగ్ నింపి పంపించాను.

ఎనిమిది నెలలకి మళ్లీ వచ్చారు. నేను నింపిన చోటల్లా అంచుల చుట్టూ కొత్త పుచ్చు. రెండు పళ్లలో అది నరం దాకా పోయింది. నా పనిలోనే లోపం ఉందా? షుగర్ పరీక్ష చేయిస్తే అదీ మామూలుగానే ఉంది.

"మీరు చెప్పినట్టే తోముతున్నారండి. నేను దగ్గరుండి చూసేను" అన్నారు ఆయన భార్య లక్ష్మిగారు.

శర్మగారి భయం వేరు. "అన్నం నమలడం గురించి కాదండి నా బెంగ. త, ద, న... నాలుక పంటికి ఆనితేనే కదండీ పలికేది. పంటి సందులోంచి గాలి పోయిందంటే నా దగ్గర పిల్లలు ఆ తప్పే నేర్చుకుంటారు. వాళ్లకి ఇంక జన్మంతా అదే ఉండిపోతుందండి."

మొదటిరోజే అడగాల్సింది అప్పుడు అడిగాను. "పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మీ నోట్లో ఏమేం పడుతుందో వరసగా చెప్పండి."

కాఫీ, భోజనం, మజ్జిగ... అన్నీ మామూలువే. చెబుతూ చెబుతూ ఆయన గొంతు ఎండింది. నడుముకి దోపుకున్న చిన్న డబ్బీ తీసి, తెల్లటి ముక్క ఒకటి పై పెదవికీ పళ్లకీ మధ్య పెట్టుకున్నారు.

"అదేంటండీ?"

"పటికబెల్లం అండి. గొంతు పట్టేయకుండా ఉంటుంది. పాఠం చెప్పినంతసేపూ ఉంటుందండి. పడుకునేప్పుడు కూడా ఒకటి, దగ్గు రాకుండా."

"తోముకున్నాకా?"

"తోముకున్నాకేనండి."

గంటల తరబడి చదివితే నోరు ఎండిపోతుంది. పంటిని కాపాడేది లాలాజలమే. అది లేనిచోట తీపి అంటుకుని కూర్చుంటే బ్రష్ ఒక్కటే ఏం చేస్తుంది? ఆయన శుభ్రంగా తోముకుని, ఆ పళ్లకే మళ్లీ తీపి అద్ది నిద్రపోతున్నారు.

నరం చెడిన రెండు పళ్లకీ రూట్ కెనాల్ మొదలుపెట్టాను. చెడిన నరం తీసి, లోపల శుభ్రం చేసి మూసేసే చికిత్స అది. మొదటిది నిలబడింది. రెండోది తొలుస్తుంటే పటుక్కుమంది. ఆయన చేతులు కుర్చీని బిగించి పట్టుకున్నాయి.

"విరిగిందాండీ?"

"విరిగిందండి" అన్నాను. ఎక్స్-రేలో వేరు నిలువునా చీలి కనిపించింది. తీసేయక తప్పలేదు. తలుపు దగ్గర లక్ష్మిగారు నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డారు.

వారం తిరక్కుండా తాత్కాలికంగా ఒక పన్ను అమర్చాను. ఆయన "త" అన్నారు. ఈల వచ్చింది. పన్ను తీసి, వెనక వైపు అరగదీసి మళ్లీ పెట్టాను. మళ్లీ ఈలే. మూడోసారీ అంతే. నాలుగోసారి అద్దంలో నాలుకని చూసుకుంటూ మెల్లగా పలికారు. త, ద, న. మళ్లీ పలికారు. తర్వాత కళ్లు మూసుకుని గొంతెత్తి వేదం చదవడం మొదలుపెట్టారు. బయట కూర్చున్న రోగులు మాటలాపి విన్నారు. లక్ష్మిగారు కళ్లొత్తుకున్నారు.

ఆ తర్వాత పక్క పళ్ల ఆసరాతో శాశ్వతంగా పన్ను కట్టాను. ఇప్పుడు పాఠం చెప్పేటప్పుడు ఆయన పక్కన పటికబెల్లం డబ్బీ బదులు మంచినీళ్ల చెంబు ఉంటుంది. మిగిలిన మూడు పళ్లూ గట్టిగా ఉన్నాయి.

ఈనాటికీ ఎవరొచ్చినా, బ్రష్ సంగతి ఎత్తేముందు వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడుగుతాను, చెప్పేది పూర్తిగా వింటాను. శర్మగారు నిజమే చెప్పారు. నేను నమ్మకపోయినందుకు ఆయన ఒక పన్ను పోగొట్టుకున్నారు.