కొల్లేట్లో మా ఆయన కంపాసు

ఆ రోజుల్లో యుద్ధం అయిపోయింది గానీ యుద్ధం సామాన్లు అయిపోలేదు. బెజవాడలో పాతసామాన్ల బజారుకు వెళితే సైనికుల బూట్లు, నీళ్ళ సీసాలు, ఏ దొర కూర్చుని లేచాడో తెలియని మడతకుర్చీలు గుట్టలుగా పోసి అమ్మేవాళ్ళు. మా ఆగిరిపల్లి తోటల్లో కాపలా ఉండేవాళ్ళు కూడా మిలిటరీ కోట్లు తొడుక్కుని మామిడిచెట్ల కింద తిరుగుతుంటే, ఇంతకీ ఆ యుద్ధం మా ఊళ్ళోనే జరిగిందేమోనని అనుమానం వచ్చేది. ఆ బజారులో తోటకు మందు కొట్టే పంపు కొనుక్కొస్తానని వెళ్ళిన మా ఆయన, పంపు కొనకుండా ఓడ కంపాసు పట్టుకొచ్చారు. నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడాది అది. మా ఆయన ఏం తెచ్చినా ఆలోచించే తెచ్చి ఉంటారని నమ్మే వయసు నాది.

మామిడితోటల మధ్య ఓడ కంపాసు ఎందుకని మీకు అనిపించవచ్చు. మా అత్తగారూ అదే అడిగారు. సంగతేమిటంటే అత్తగారి పుట్టిల్లు కొల్లేట్లో ఒక లంక. అక్కడి తాతగారు, మనవడికి పడవల పిచ్చి చూసి ముచ్చటపడి ఒక పాత తెరచాప పడవ ఇచ్చేశారు. ఎప్పుడో పండక్కో పబ్బానికో ఎక్కే ఆ పడవ గురించి మా ఆయన రోజూ మాట్లాడేవారు. చలికాలం తెల్లవారుజామున కొల్లేటి మీద మంచు కమ్మితే చెయ్యి చాచినంత దూరం కూడా కనపడదని, అలాంటప్పుడు కంపాసు ఉంటే కళ్ళు మూసుకుని వెళ్ళిపోవచ్చని అత్తగారికి చెప్పారు. "కళ్ళు మూసుకుని వెళ్ళడం నీకేమన్నా కొత్తా?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

కంపాసు చూడబోతే నల్లగా మసిపట్టిన ఇత్తడి గిన్నె. పైన అద్దం, లోపల దిక్కుల గుర్తులున్న చక్రం, పడవ ఊగినా గిన్నె వాలిపోకుండా చుట్టూ రెండు వలయాలు. అద్దం కింద రబ్బరు ఎండిపోయి, లోపల ఉండాల్సిన ద్రవమంతా ఎప్పుడో కారిపోయింది. ఇక ఇల్లంతా దాని సేవే. వద్దు వద్దంటూనే అత్తగారు చింతపండు పెట్టి తోమి గిన్నెను బంగారంలా చేశారు. మా ఆయన సైకిలు ట్యూబు కత్తిరించి కొత్త రబ్బరు వేశారు. చక్రం తిరిగే ములుకు మొద్దుబారితే నూజివీడు కంసాలి ఆకురాయి పట్టి సన్నం చేశాడు. వెలిసిపోయిన ఇంగ్లీషు అక్షరాల మీద ఉ, తూ, ద, ప అని తెలుగులో రాసే పని నాకు అప్పగించారు. (ఆ 'తూ' కొమ్ము కొంచెం వంకరపోయింది. అదే అందంగా ఉందన్నారు మా ఆయన. కొత్తకాపురం మరి.)

చిక్కంతా లోపల పోసే ద్రవంతో వచ్చింది. సారా స్పిరిట్టు పోయాలని బజారులో అమ్మినవాడు చెప్పాడట. అప్పుడే మద్యనిషేధం వచ్చింది. ఆస్పత్రి కాంపౌండరును మా ఆయన ఎంత గుట్టుగా అడిగారో గానీ, ఆయన ఇల్లు చేరేలోపే అబ్బాయి తాగుడు మొదలుపెట్టాడన్న వార్త అత్తగారి చెవిన పడింది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఆయన ఒట్లు వేసి, గిన్నె చూపించి, అత్తగారిని నమ్మించేసరికి చీకటిపడింది. కిరసనాయిలు పోద్దామంటే అది రేషను సరుకు, పైగా కంపు. నీళ్ళు పోస్తే తుప్పు. అప్పుడు నేను తలుపు చాటు నుంచి, కొబ్బరినూనె పోస్తే తుప్పు పట్టదు, తేటగా ఉంటుంది, వాసనా బాగుంటుంది కదా అన్నాను. మా ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఎనిమిదో తరగతి చదివిన పిల్లను చేసుకున్నందుకు ఆ రోజు ఆయనకు నిజంగా గర్వం కలిగింది. పెరట్లో ఎండలో పెట్టి చూస్తే, పెద్దమనిషి తల తిప్పినట్టు చక్రం నిదానంగా తిరిగి ఉత్తరం చూపించింది.

మాఘమాసంలో అత్తగారి తమ్ముడి కూతురి పెళ్ళి కుదిరింది. పుట్టింటివారి పుస్తె చేయించి తెచ్చేది మేనత్తగా అత్తగారే. దాన్ని కొంగున ముడివేసుకుని, ముందురోజు సాయంత్రానికే కొల్లేటి ఒడ్డున చుట్టాలింటికి చేరాం. మా ఆయన కంపాసును ఆ రేవులోనే ఉండే మా తెరచాప పడవలో బిగించి, పడవ ముక్కు ఉత్తరానికి ఉంటే చక్రం కూడా ఉత్తరమే చూపిస్తోందని మురిసిపోయి, దాన్ని అక్కడే ఉంచి వచ్చారు. మేం వెళ్ళాల్సిన లంక కూడా ఉత్తరానే.

తెల్లవారుజామున బయలుదేరేసరికి మంచు నిజంగానే గోడలా ఉంది. గెడ వేసి పడవ నడిపే ఆయన్ను అందరూ పొడుగాయన అనేవారు. (అంత గెడా ఆయన చేతిలో చేతికర్రలా కనిపించేది.) ఒడ్డు వెంబడి పోదామా అని ఆయన అడిగితే, అవసరం లేదని మా ఆయన కంపాసు ముందు కూర్చున్నారు. అద్దం మీద మంచు తుడుచుకుంటూ, పడవ తుంగలో తగిలి ఎటు తిరిగినా సరే ముక్కు ఉత్తరానికే ఉందని చెబుతున్నారు. "చూశావా, ఎంత నిలకడగా ఉందో" అని నాతో అన్నారు. పొడుగాయన కూడా, యంత్రమే చెబుతుంటే ఇక తనదేముందని గెడ వేసుకుంటూ పోయాడు. చేరాల్సిన వేళ దాటిపోయింది. లంక రాలేదు. అత్తగారు కొంగుముడి గట్టిగా పట్టుకుని గొణుక్కుంటున్నారు. ఇంతలో మా ఎదుటే మంచు ఎర్రబడి, అందులోంచి సూర్యుడు పళ్ళెంలా కనిపించాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇవాళ సూర్యుడు ఉత్తరాన ఉదయించాడేంట్రా?" అన్నారు అత్తగారు.

మా ఆయన కంపాసు అద్దం మరోసారి తుడిచేలోగానే మంచు మళ్ళీ మూసుకుంది. నేను గిన్నెలోకి వంగి చూశాను. చక్రం చుట్టూ తెల్లగా, పేరిన నెయ్యిలా ఉంది. రోజూ పొద్దున్నే నా నూనెసీసాను ఎండలో పెట్టి, కరిగాక జడ వేసుకునేదాన్ని నేనే. ఆ తెలివి అన్ని నెలలూ ఎక్కడికి పోయిందో తెలియదు.

"ఏవండీ," అన్నాను, "నూనె గడ్డకట్టిందండీ."

పొడుగాయన భుజాలు కదలడం, ఆయన మొహం అటు తిప్పుకోవడం కనిపించింది. ముందుగా తేరుకున్నది అత్తగారే. పొడుగాయన చలికాచుకునే కుంపటి దగ్గరకు లాగి, గిన్నెను వలయాల్లోంచి ఊడదీసి మసిగుడ్డతో పట్టుకుని, పాలు కాచినంత శ్రద్ధగా పైన తిప్పుతూ కూర్చున్నారు. నూనె అంచుల్లో కరిగి, తేటపడి, చక్రం ఒక్కసారి వణికింది. తర్వాత నెమ్మదిగా పక్కకు తిరిగి అసలు ఉత్తరం చూపించింది. అంతసేపూ మేం కొల్లేట్లో గానుగెద్దులా తిరిగాం. అక్కడి నుంచి అత్తగారు కుంపటి మీద కంపాసు కాస్తూ దిక్కు చెప్పడం, మా ఆయన చుక్కాని తిప్పడం. చివరికి మంచులోంచి సన్నాయి వినిపించింది. మేం రేవులో దిగేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది, పురోహితుడు మంత్రాలు సాగదీసి సాగదీసి చదువుతున్నాడు. ఆలస్యానికి కారణం అడిగినవాళ్ళందరికీ అత్తగారు "మావాడి ఉత్తరం పేరుకుపోయింది" అని చెప్పారు. కొబ్బరినూనె ఎవరి ఆలోచనో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తిరుగు ప్రయాణం మిట్టమధ్యాహ్నం. మంచు లేదు, ఆవలి ఒడ్డు, దాని మీద తాటిచెట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. పెద్దల ఎదుట భార్యాభర్తలు పక్కపక్కన కూర్చోవడమే తప్పుగా ఉండేది అప్పట్లో. అయినా మా ఆయన చుక్కాని దగ్గర నుంచి, కాస్త వచ్చి కంపాసు చూసి చెప్పమని పిలిచారు. నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. అత్తగారు చెంగు మొహం మీదికి లాక్కుని నిద్రపోయారు, లేదా నిద్రపోయినట్టు పడుకున్నారు. ఎదురుగా ఒడ్డు కనిపిస్తూనే ఉంది. ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల మాత్రం తలెత్తకుండా, ఎంతో ముఖ్యమైన పని మీద ఉన్నట్టు, ఒడ్డు వచ్చేదాకా ఆయనకు దిక్కులు చెబుతూనే ఉంది.