వద్దన్న మనిషి రాసిన వ్యాసం

మా ప్రధాన సంపాదకులు పోయిన గురువారం ఉదయం నారాయణగూడలోని తమ ఇంట్లో కన్నుమూశారు. అశోక్‌నగర్‌లో నేను అద్దెకుండే ఇంటివారి ఫోన్‌కు ఆయన చెల్లెలు కబురు చేసింది. "మేడం, అన్న పోయిండు. పొద్దుగాల చాయ్ పెట్టిచ్చిన, అట్లనే చల్లారింది" అంది.

చిక్కడపల్లిలో ఒక బట్టల కొట్టు పై అంతస్తులో మా విజ్ఞాన సర్వస్వం కార్యాలయం ఉంది. కళాశాలలో పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన నేను, ఒకరి మీద ఆధారపడి కూర్చోవడం చేతగాక, కళల సంపుటికి సహసంపాదకురాలిగా చేరాను. నా మొదటి వ్యాసంలోనే ఆయన 'సుప్రసిద్ధ' అన్న మాట కొట్టేశారు. "ప్రసిద్ధుడైతే మనం చెప్పే పనిలేదు మేడం. కాకుంటే మనం చెప్పినా కాడు" అన్నారు. జీవితమంతా ఇతరుల రాతలు దిద్దినదాన్ని, నాకు ఒళ్లు మండింది. ఇంటికి వెళ్లి మళ్లీ చదువుకుంటే ఆ మాట లేని లోటు ఎక్కడా కనబడలేదు.

ఒక విషయానికి విడిగా వ్యాసం ఇవ్వాలా వద్దా అని తగవు వచ్చినప్పుడు ఆయనకొక పద్ధతి ఉండేది. వద్దన్నవారు ఆ వ్యాసం రాయాలి. కావాలన్నవారు అది ఎందుకు అక్కరలేదో రాయాలి. శనివారం మధ్యాహ్నం రెండూ పైకి చదవాలి. చదువుతున్నంతసేపూ ఆయన కిటికీ దగ్గర, మాకు వీపు పెట్టి నిలబడేవారు. ముఖం చూసి గొంతు మార్చుకుంటామని ఆయన అనుమానం.

మా ఇద్దరి మధ్య పెద్ద తగవు ఒక విశ్వవిద్యాలయ చిత్రశాల గురించి వచ్చింది. దాని బాధ్యుడు, నలభై దాటిన మనిషి, ఒకరోజు మా మెట్లెక్కి వచ్చాడు. పరీక్షల విభాగం వారు జవాబు పత్రాలు దాచడానికి చిత్రశాల హాలు అడుగుతున్నారట. "సార్, మీ పుస్తకంల మాకు విడిగ ఒక వ్యాసముంటే, పెద్దసార్ల ముందల వెడ్త. గట్లనన్న జర ఆగుతరు" అన్నాడు.

ముగ్గురం బస్సెక్కి వెళ్లాం. పూర్వ విద్యార్థుల నీటిరంగుల చిత్రాలు, గోడ పొడవునా కథను వరుస బొమ్మలుగా గీసిన ఒక నకాషీ పటం, చెక్క బొమ్మలు. ఆయన ప్రతి చిత్రం ముందూ ఆగారు. తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ, "మంచిగున్నయ్. కానీ మంచిగుండుడు వేరే, వ్యాసముండుడు వేరే. సంబంధం లేనోడెవడన్న దాని గురించి రాసిండా? లేకుంటే విశ్వవిద్యాలయం వ్యాసంల ఒక పేరా చాలు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. పద్ధతి ప్రకారం వ్యాసం ఆయన వంతుకు, అభ్యంతరం నా వంతుకు వచ్చాయి.

వద్దన్న మనిషి ఎంత శ్రద్ధగా వెతికారో నేను చూశాను. గ్రంథాలయంలో సర్కారు పరీక్షలకు చదివే పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని పాత పత్రికలు తిరగేసేవారు. ఒకడు, "సార్, ఈ వయసుల గూడ గ్రూప్ టూనా?" అని అడిగాడు. "అవ్ బిడ్డా. ఈసారి ఇంటర్వ్యూ దాంక వోత, చూడు" అన్నారు ఆయన, తలెత్తకుండానే.

శనివారం ఆయన చదివిన వ్యాసం మా సంపుటిలో నేను విన్నవాటన్నిటిలోకీ గొప్పది. ఒక్క పొగడ్త లేదు. అయినా ఆ హాలు మొత్తం కళ్లముందు నిలిచింది. తర్వాత నేను చదివాను. ఈ చిత్రశాల గురించి దాన్ని నడిపే విశ్వవిద్యాలయం తప్ప మరెవరూ మాట్లాడలేదని, ప్రారంభోత్సవ వార్తల్లో మంత్రిగారి దండలున్నాయి గానీ చిత్రాలు లేవని రాశాను. నిజమది. ఆయన కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగారు.

"మేడం గెలిచిన్రు. ఏంది మేడం, గెలిచి గట్ల మొకం వెట్టిన్రు?"

తన కాగితాలు తానే అడ్డంగా కొట్టేశారు. వినడానికి వచ్చిన చిత్రశాల బాధ్యుడు నావైపు తిరిగి, "మా దిక్కున్నోళ్లు మీరే గిట్ల రాస్తిరి మేడం?" అన్నాడు.

"ఆమెనేమనకు. రాయమన్నది నేను. అబద్ధం రాయమన్ననా?" అన్నారు సంపాదకులు. అతని వైపు తిరిగి, "బయటోళ్లు రాయాలె. రెండు రానీ, అనుబంధ సంపుటిల నేనే వెడ్త" అన్నారు.

అప్పటి నుంచి ఆయన ఆదివారాలు మారిపోయాయి. ఇరుగుపొరుగుని, హాస్టల్ పిల్లల్ని, చివరికి తమ దంతవైద్యుణ్ణి కూడా ఆ హాలుకు వెంటబెట్టుకెళ్లేవారు. "నచ్చకుంటే నచ్చలేదని రాయుండ్రి, గదీ పనికొస్తది" అనేవారు. ఆ దంతవైద్యుడే ఒక వారపత్రికకు రాశాడు. ఇక చాలదా అని అడిగాను. "నా మనసుకు చాలు మేడం. పుస్తకానికి చాలదు."

తర్వాత ఆయనకు ఆయాసం పట్టుకుంది. హాలు పరీక్షల విభాగానికి వెళ్లిపోయింది. నేను చివరిసారి చూడబోయినప్పుడు తలగడకు ఆనుకుని, "రెండోది వచ్చిందా?" అని అడిగారు. రాలేదన్నాను. "అయితే ఆగుండ్రి" అన్నారు.

అనుబంధ సంపుటి ఇప్పుడు నా చేతిలో ఉంది. ఆయన కొట్టేసిన కాగితాలు అచ్చుకు పంపితే అడిగేవారు లేరు. పంపలేదు. జాలితో చేర్చిన వ్యాసం ఆయన వ్యాసం కాదు. సోమవారం రాజీనామా ఇచ్చాను. లోపలి మనిషిగా నేను రాసింది లెక్కకు రాదు. బయటి మనిషిగా రాస్తే రావచ్చు. దీన్ని ఆయన ఒప్పుకునేవారో కాదో తెలియదు. కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఆలోచించేవారని మాత్రం తెలుసు.

మరునాడు, రాయబోయేది చూసి రాయాలని చిత్రశాలకు వెళ్లాను. హాలు నిండా జవాబు పత్రాల మూటలు. దుమ్ము పడకుండా చిత్రాలను కూడా అదే ముతక గుడ్డలో, అదే తాడుతో కట్టి, వాటి మధ్యే పేర్చారు.

"ఏదో ఒకటి చూపించండి" అన్నాను.

బాధ్యుడు మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డపై నుంచి ఒక్కొక్క మూటనే వేళ్లతో అదిమి, లోపల చెక్క అంచు తగులుతుందేమోనని తడుముతున్నాడు. "ఇది పేపర్లు మేడం... ఇది గూడ పేపర్లే... జర ఆగుండ్రి."