పసుపు పూసిన పునాదిరాయి

బళేపేటలో మా చర్చాశాల రాతి కట్టడం. ఆ వీధిలో మిగిలిన పాత కట్టడం అదొక్కటే. పసుపు పూసినంత మాత్రాన రాయి దేవుడు కాదని ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం అక్కడే నిలబడి వాదించాను. దాన్ని కూల్చి దుకాణాలు కట్టాలని కొత్త యజమాని నిర్ణయించాక నేను ఎక్కని ఆఫీసు మెట్లు లేవు, రాయని అర్జీ లేదు. ఎవరూ వినలేదు.

కూల్చే రోజు పొద్దున నేను వెళ్లేసరికి జేసీబీ గుమ్మం ముందు ఆగి ఉంది. పునాదిరాయికి ఎవరో పసుపు, కుంకుమ పెట్టి మల్లెపూలు చుట్టారు. నా వాదనలను ఎప్పుడూ ఎగతాళి చేసే ఎదుటి గాజుల అంగడి పెద్దాయన పసుపు అంటిన చేతులు తుడుచుకుంటున్నాడు.

"నీ అర్జీలన్నీ చూసినాం గదప్పా. ఇంక నోరు మూసుకోని ఉండు" అన్నాడు మెల్లగా.

జేసీబీ డ్రైవరు దిగి చెప్పులు విప్పాడు. "ఈడ దేవుడుండాడా సామీ? ఉంటే నేను చెయ్యి పెట్టను" అని నన్నే అడిగాడు.

లేడంటే మధ్యాహ్నానికి ఆ గోడలు ఉండవు.

"ఉండాడప్పా" అన్నాను.

బండి వెనక్కి మళ్లింది. యజమాని కూడా ఆ రాయిని కదిలించడానికి భయపడ్డాడు.

ఆదివారం పుస్తకాల సంచితో వెళ్లాను. మా బల్లలు పెరట్లో పడి ఉన్నాయి. గుమ్మం దాకా జనం బారులు తీరారు. వరసలోని ఒక ముసలమ్మ నన్ను ఆపి "చెప్పులు బయట విడువప్పా" అంది.

విడిచాను.