చీర కప్పిన జనరేటర్

నా చిన్నప్పుడు మా బాపు ఒక ప్రసూతి దవాఖానలో పనిచేసేవాడు. ఆత్మకూరు పోయే తొవ్వలో చిన్న ఊరు, అందులో నాలుగు మంచాల దవాఖాన, దానికి ఒక డాక్టరమ్మ, ఒక కంపౌండరు, మిగిలిన పనులన్నిటికీ మా బాపు. తలుపులు తీసేదీ ఆయనే, నీళ్లు మోసేదీ ఆయనే, బిడ్డ పుట్టిందని బయట కూర్చున్న మగవాళ్లకు చెప్పి వాళ్లు పెట్టే బెల్లం ముక్క నోట్లో వేసుకునేదీ ఆయనే. నాకప్పుడు పదేళ్లు. ఏడో తరగతిలో నేనూ బడీ ఒకరితో ఒకరం విసిగిపోయి విడిపోయాం గానీ, ఈ సంగతి జరిగేనాటికి ఇంకా కలిసే ఉన్నాం.

అంతకు ముందేడు ఎవరో పుణ్యాత్ముడు, తన బిడ్డ అక్కడ క్షేమంగా పుట్టినందుకు, దవాఖానకు ఒక చిన్న పెట్రోలు జనరేటర్ ఇచ్చాడు. ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే లేచేది. ఆ రోజుల్లో కరెంటు అలిగిన అల్లుడి లెక్క ఎప్పుడొచ్చేదో, ఎందుకు పోయేదో ఎవరికీ తెలిసేది కాదు. డాక్టరమ్మ మా బాపును పిలిచి, ఆపదకు పనికొచ్చే వస్తువు, జాగ్రత్తగా చూసుకొమ్మని అప్పజెప్పింది. మా ఇండ్లలో జాగ్రత్త ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు పాపం.

మాది కరువు నేల. వస్తువు దొరకడమే కష్టం కాబట్టి, దొరికిన వస్తువును ముట్టకపోవడమే దాన్ని ప్రేమించడం. మా అమ్మ పెళ్లి పట్టుచీర పెట్టెలోనే ముసలిదై మడతల మీద చినిగిపోయింది. చుట్టాలొస్తే దించుదామని ఇత్తడి గ్లాసులు అటకెక్కించాం. చుట్టాలొచ్చినప్పుడల్లా నిచ్చెన దొరికేది కాదు, వాళ్లు చేతి దోసిట్లో నీళ్లు తాగిపోయేవాళ్లు. అట్లాంటి ఇంటి మనిషి చేతిలో జనరేటర్ పెడితే ఏమవుతుంది? వెనక గదిలో పీట వేసి కూర్చోబెట్టాడు. మా అమ్మ పాత చీర కప్పాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. దసరాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, అక్షింతలు చల్లాడు. పండుగపూట కడుపు ఖాళీగా ఉండకూడదని ట్యాంకు నిండా పెట్రోలు పోశాడు. గంటా రెండు గంటలు కరెంటు పోతే లాంతరు ముట్టించేవాడు. ఈ మాత్రానికి దాన్ని కష్టపెట్టాలా అనేవాడు. అట్లా రెండు దసరాలు దానికి పూజ జరిగింది. ఒక్కనాడు కూడా అది గొంతు విప్పలేదు.

ఆ రెండో దసరా వెళ్లాక, పుష్యమాసపు చలిలో, పెద్ద ఆపద మా ఇంటికే వచ్చింది. అమ్మకు ఏడో నెలలోనే కాన్పయింది. తమ్ముడు పుట్టాడు. మా అవ్వ వాణ్ని చూసి, వీడు బిడ్డ కాదే, బిడ్డకు బయానా అంది. అంత చిన్నగా ఉన్నాడు. పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకుపోదామంటే, ఆ చలిలో బస్సు దిగేదాకా కూడా ఉండడని డాక్టరమ్మ చెప్పింది. చెక్కపెట్టెలో దూది పరిచి, పైన రెండు బల్బులు వేలాడదీసి, వాటి వేడిలో పడుకోబెట్టింది. పది రోజులు వేడి తగ్గకుండా చూస్తే దక్కుతాడంది.

నాలుగో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఊరి బయట తీగ తెగిందని, రేపు పొద్దున గానీ కాదని లైన్‌మన్ చెప్పిపోయాడు. మా బాపు భయపడలేదు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పుతుంటే ఆయన ముఖంలో చిన్న నవ్వు కూడా ఉంది. ఇన్నాళ్లు దాచింది ఈ రోజు కోసమే కదా. దండ తీశాడు, చీర తీశాడు, తాడు లాగాడు. ఏమీ కాలేదు. మళ్లీ లాగాడు. కంపౌండరు లాగాడు. ఇద్దరూ వంతులేసుకొని లాగారు. అరచేతులు బొబ్బలెక్కాయి గానీ ఆ మిషన్ కనీసం దగ్గనైనా దగ్గలేదు.

లోపల అమ్మకు చలిజ్వరం. అందుకని అవ్వ తమ్ముణ్ని తన రవికలో గుండెకు ఆనించుకొని, గొంగడి కప్పుకొని కూర్చుంది. డాక్టరమ్మ మాటిమాటికీ గొంగడిలో చేయి పెట్టి వాడి పాదాలు తడిమి చూసేది. ముసలి ఒంటి వేడి కాసేపు ఆపుతుంది గానీ తెల్లారేదాకా ఆగదని ఆమె కంపౌండరుతో చెప్పడం నేను విన్నాను. అప్పుడే నన్ను పక్కింటి చిచ్చా కోసం ఉరికించారు.

చిచ్చా సాయిబుల ఇంటి మనిషి. చేన్లలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. అవి లేనినాడు సైకిళ్లు. వాగు పక్క చేన్లో ఒక ఇంజను విప్పుకొని కూర్చున్నాడు. నేను ఆయాసంతో చెప్పింది ఎంత అర్థమైందో ఏమో, నూనె చేతులు మట్టితో రుద్దుకొని, నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని వచ్చేశాడు. వచ్చాక మిషన్‌ను ముట్టలేదు. ముందు మా బాపును చూశాడు.

"తమ్మీ, దీన్ని ఆఖరుకు ఎప్పుడు నడిపినవ్?"

"ఒక్కపారి సుత నడపలే అన్నా. కొత్తది కొత్తగనే ఉంచిన."

ఆ గొంతులో అప్పటికీ గర్వమే ఉంది. ఇప్పుడు చిచ్చా నాలుగు తిడతాడని నేను ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన మాత్రం మిషన్‌ను వాకిట్లోకి మోయించాడు, పొగ లోపలికి పోవద్దని. ట్యాంకు మూత తీస్తే పాత వార్నిషు వాసన గుప్పుమంది. ఆ పెట్రోలంతా ఒక డబ్బాలోకి ఒంపేశాడు. కార్బరేటర్ కింద ఉండే చిన్న గిన్నె విప్పాడు. అడుగున పెట్రోలు ముదురు బెల్లం పాకం లెక్క గట్టిపడి ఉంది. ఆ గిన్నెను మా బాపు కండ్ల ముందుకు తెచ్చి, నెమ్మదిగా బోర్లించాడు. ఒక్క చుక్క కూడా కిందికి జారలేదు. తర్వాత పొగగొట్టంలో తీగ పెట్టి లాగితే ఎలుక గూడు వచ్చింది. అందులో దూది, అమ్మ చీర పోగులు, మేము చల్లిన అక్షింతలు. నాకు నవ్వొచ్చింది. ఆ వయసులో నా ఏడుపు తొవ్వ తప్పి నవ్వులోకి వచ్చేది. ఎవరూ నన్ను కసరలేదు.

పొద్దు గూకుతోంది. పిల్లవాడి పాదాలు చల్లబడుతున్నాయని లోపలి నుంచి డాక్టరమ్మ కేక వినబడింది. మా బాపు ఉన్నచోటనే కూలబడి, నా కొడుకును నేనే అని మొదలుపెట్టి ఆ మాట పూర్తిచేయలేకపోయాడు.

"లెవ్వు తమ్మీ. ఈ టార్చి పట్టుకో. ఏడ్సుటానికి రేపున్నది," అన్నాడు చిచ్చా, తల ఎత్తకుండానే.

కంపౌండరు మోపెడ్‌లోంచి తాజా పెట్రోలు తీశారు. చిచ్చా గిన్నె కడిగాడు, సన్నని తీగతో పూడుకుపోయిన బెజ్జాలు పొడిచాడు, ప్లగ్గు గీకి తుడిచి బిగించాడు. ఆయన నింపాది చూస్తుంటే నాకు ప్రాణం పోతోంది. తర్వాత తెలిసింది, తొందరపడితే సన్న బెజ్జం పెద్దదై మిషన్ అసలే పలకదని ఆయన ఊపిరి బిగబట్టి చేశాడట. నాలుగోసారి లాగితే మిషన్ దగ్గింది. ఆరోసారికి అరిచింది. బల్బులు వెలిగాయి. మా అవ్వ మాత్రం మిషన్ల మీద నమ్మకం లేక, వాణ్ని పెట్టెలో పడుకోబెట్టడానికి ఇంకా కాసేపు బతిమాలించుకుంది.

వాడి పాదాలు ఎర్రబడ్డాక డాక్టరమ్మ బయటికి వచ్చి, అసలు ఇది ఎందుకు నడవలేదని అడిగింది. ఆమె మంచిదే గానీ పనిలో తప్పును దాటనిచ్చే మనిషి కాదు. ఆ పనే మా ఇంటి బువ్వ. మా బాపు తల వంచుకొని చెప్పబోయాడు. చిచ్చా అడ్డుపడి, ప్లగ్గుకు చెమ్మ పట్టింది డాక్టరమ్మా, ఇసొంటియి అయితుంటయి అన్నాడు. ప్లగ్గుకు చెమ్మ పట్టిన మాట నిజమే. నిజంలోంచి మా బాపుకు దెబ్బ తగలని ముక్క ఒక్కటే కోసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తలూపి లోపలికి వెళ్లిపోయింది.

పది రోజులు గడిచాయి, తమ్ముడు దక్కాడు. అప్పుడు చిచ్చా మా ఇంటికి వచ్చి, అవ్వ వినేటట్టు ఒక సంగతి ఎత్తాడు. లారీలోళ్లు అమావాస్య అమావాస్యకు బండికి దిష్టి తీస్తారు కదా, ఇంతమంది కండ్లు పడే మిషన్‌కు మీరెందుకు తీయలేదని. అవ్వ చెంపలేసుకుంది. మరి దిష్టి ఎట్లా తీయాలో చెప్పాడు చిచ్చా, ముల్లాసాబ్ అంత గంభీరంగా. అమావాస్య పొద్దున చీర తీసి మిషన్‌ను వాకిట్లోకి తేవాలి. నూనె చూడాలి. తాజా పెట్రోలు కొంచెమే పోయాలి. నాలుగు బల్బులు తగిలించి పావుగంట నడపాలి, ఉత్తగా తిరిగితే దిష్టి పోదు, బరువు మోయాలి. ఆ తర్వాత పెట్రోలు నల్లా కట్టేసి దానంతట అదే ఆగేదాకా చూడాలి, గొంతులో చుక్క మిగలకూడదు. ట్యాంకులో మిగిలింది తీసి కంపౌండరు మోపెడ్‌కు పోయాలి, వచ్చే అమావాస్యకు మళ్లీ తాజాది. అక్షింతలు మాత్రం వద్దు, నిమ్మకాయ చాలు. అగర్బత్తి గేటు దగ్గరే, ఎందుకంటే పెట్రోలు పక్కన అగ్గి పెడితే ఏ దేవుడూ దగ్గరికి రాడు. మా బాపు ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టుకొని వల్లించాడు.

చిచ్చా పోతుంటే నేను వెంటపడి, మీకు కూడా అమావాస్య ఉంటుందా అని అడిగాను.

"మాకేడిది బిడ్డా. మీ బాపుకు తారీఖు జెప్తే మర్శిపోతడు. అమావాస్య జెప్తే మర్వడు."

ఈ మాట ఎవరికీ చెప్పొద్దని చేతిలో చేయి వేయించుకున్నాడు. నా నోట్లో మాట ఆగడం అదే మొదటిసారి, బహుశా అదే ఆఖరిసారి కూడా. మా బాపు పని మానేసే నాటిదాకా ఒక్క అమావాస్య తప్పించలేదు. ఎప్పుడు లాగినా మిషన్ పలికేది. దిష్టి పోయినందుకే అని ఆయన చివరిదాకా నమ్మాడు. ఎంత మంది బిడ్డలు ఆ బల్బుల కింద గట్టెక్కారో నాకు తెలియదు. మా తమ్ముడు మాత్రం గట్టెక్కి, ఇప్పుడు ఆటోలో రెండు సీట్లు పట్టేంత అయ్యాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నా దగ్గరా ఒక జనరేటర్ ఉంది. మా ఆయన ముప్పై ఏళ్లు బండలు పాలిష్ చేశాడు. ఆ దుమ్మంతా లోపల పేరుకొని, మూడేళ్లుగా ముక్కుకు గొట్టం పెట్టుకొని కరెంటుతో నడిచే గాలి మిషన్ మీద బతుకుతున్నాడు. తెలంగాణ వచ్చినంక కరెంటు పోవడమే మరిచిపోయింది, నీకు ఈ ఇనుప సంత ఎందుకని వాడకట్టులో అందరూ నవ్వుతారు. ఇన్వర్టర్ ఉంది కదా అత్తమ్మా అంటుంది కోడలు. ఉంది, గంట లాగుతుంది. గంట తర్వాత ఏం చేయాలో ఇన్వర్టర్ చెప్పదు. నవ్వేవాళ్లతో నేనూ నవ్వుతాను, నవ్వించడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. కానీ అలసిపోయాను. మందులు, నిద్రలేని రాత్రులు, మోకాళ్లు. ఈ మధ్య ఒక అమావాస్య నాడు, ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అని పడుకుండిపోయాను. మధ్యాహ్నానికి లేచి, నన్ను నేనే తిట్టుకుంటూ దాన్ని వాకిట్లోకి ఈడ్చాను.

ఆపదకు దాచిన వస్తువును ఆపద లేనినాడే కొంచెం కొంచెం కష్టపెట్టాలని ఆనాడు నేర్చుకున్నాను. మనిషిని సరిదిద్దాలంటే, వాడు తల ఎత్తుకొనే వినగలిగే మాట ఒకటి వెతకాలని కూడా. మొదటిది చేతులతో చేస్తున్నాను. రెండోది నా నోటికి ఇంకా సరిగ్గా రాలేదు.

జనరేటర్ వాకిట్లో అరుస్తుంటే మంచం మీది నుంచి మా ఆయన చేయెత్తి, చాలు, ఇంక ఆపమని సైగ చేస్తాడు. ఆ చప్పుడు ఆయనకు కష్టమే. నేను వినబడనట్టు అటు తిరిగి నిలబడి, పావుగంట నిండేదాకా ఆపను.